మెలోడీ వింటే టెస్టోస్టెరాన్ పడిపోతుందా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పోలీసు సెలక్షన్ల కోసం తెల్లవారుజామున 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తున్నాను. రాత్రి జిమ్‌కి వెళ్తాను. పాత మెలోడీ పాటలంటే ఇష్టం. అవి వింటే టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) తగ్గుతుందని, మాస్ బీట్ వింటేనే హార్మోన్లు పెరిగి కండ పడుతుందని జిమ్‌లో సీనియర్లు అంటున్నారు. పైగా ఈ మధ్య పాట లేకపోతే పరుగెత్తబుద్ధి కావడం లేదు. హార్మోన్ టెస్ట్ చేయించుకోవాలా?

జవాబు: మెలోడీ వింటే మగతనం ఎక్కడికీ పోదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి.

బరువులు ఎత్తినప్పుడు టెస్టోస్టెరాన్ కాస్త పెరిగే మాట నిజమే. కానీ అది వ్యాయామం వల్ల, పాట వల్ల కాదు. అదీ కాసేపటికే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. కండ పెరిగేది మీరు ఎత్తే బరువును, తినే ప్రోటీన్‌ను, పడుకునే నిద్రను బట్టే. పాటలకీ టెస్టోస్టెరాన్‌కీ ముడి వెతికిన చిన్నచిన్న పరిశోధనలు కొన్ని ఉన్నాయి. వాటిని నమ్ముకుని ప్లేలిస్ట్ మార్చుకోనక్కర్లేదు.

పాట పనిచేసేది మెదడు మీద. నచ్చిన సంగీతం వింటూ ఒళ్లు పులకరించినప్పుడు మెదడులో ఆనందాన్ని, ఉత్సాహాన్ని కలిగించే డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుందని 2011లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్లు స్కాన్ తీసి చూపించారు. అందులో పాల్గొన్నవాళ్లు ఎవరి పాటలు వాళ్లే తెచ్చుకున్నారు. కాబట్టి మీ సీనియర్‌కి ఊపునిచ్చే పాట మీకు తలనొప్పి తెప్పిస్తే అది మీకు పనికిరానట్టే.

ఇంకో లాభం, శ్రమ తక్కువగా అనిపించడం. 139 అధ్యయనాలను కలిపి చూసిన 2020 నాటి సమీక్షలోనూ ఇదే తేలింది. అడుగు తాళానికి కలిస్తే ఆక్సిజన్ ఖర్చు కూడా కొంచెం కలిసొస్తుంది. మన ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు ఆడేవాళ్లను చూడండి. గుండెల మీద రేకు తప్పెట్లు వాయిస్తూ ఎంతసేపైనా ఎగురుతారు. ఆ వాయింపు లేకుండా అంతసేపు ఎగరమంటే ఎవరికైనా కష్టమే. వ్యాయామానికి నిమిషానికి 120 నుంచి 140 బీట్ల పాటలు చాలామందికి సరిపోతాయి. అది తెలుగు పాటైనా, ఒడిశా సంబల్‌పురి పాటైనా ఒకటే. మీ మెలోడీలను వ్యాయామం అయ్యాక వినండి. నెమ్మది పాటలు ఒంటిని, మనసును తొందరగా కుదుటపరుస్తాయి.

అయితే ఊపిరి ఎగదన్నేంత గట్టిగా పరుగెత్తేటప్పుడు పాట ప్రభావం బాగా తగ్గిపోతుంది. మీ 1600 మీటర్లలో చివరి 400 అలాంటివే. పైగా సెలక్షన్ రోజున చెవిలో ఇయర్‌ఫోన్లు ఉండనివ్వరు. అందుకే, పాట లేనిదే కాలు కదలడం లేదన్న మీ మాటే నాకు హార్మోన్ల కన్నా పెద్ద విషయంగా కనిపిస్తోంది. జిమ్‌లో పాటలు కానివ్వండి. టైమ్ చూసుకుంటూ పరుగెత్తే రోజుల్లో మాత్రం ఫోన్ ఇంట్లో వదిలేసి, మీ ఊపిరిని, అడుగులను లెక్కపెట్టుకుంటూ పరుగెత్తండి. మొదట్లో చిరాగ్గా ఉంటుంది, అలవాటవుతుంది. రోడ్డు మీద పరుగెత్తేవాళ్లయితే ఇయర్‌ఫోన్లు ఎలాగూ వద్దు, వెనక వచ్చే లారీ వినపడదు.

ఇక టెస్ట్ సంగతి. లైంగిక కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్య, గడ్డం మీసాలు పలచబడటం లాంటివి లేకపోతే టెస్టోస్టెరాన్ పరీక్షకు డబ్బు ఖర్చు పెట్టకండి. అవసరమైతే ఉదయం 7 నుంచి 10 గంటల లోపు, పరగడుపున రక్తం ఇవ్వాలి. తక్కువ వస్తే మరో రోజు మళ్లీ చేయించాకే నిర్ధారిస్తారు. రాత్రి జిమ్, తెల్లవారకముందే పరుగు అంటే మీకు నిద్ర ఎన్ని గంటలు మిగులుతోంది? ఆరోగ్యంగా ఉన్న పదిమంది యువకులను వారం రోజులు రాత్రికి 5 గంటలే పడుకోనిస్తే, పగటిపూట వారి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గిందని 2011లో షికాగో పరిశోధకులు చూశారు. కాబట్టి పాటల కన్నా ముందు మీ నిద్ర సంగతి చూసుకోండి. జిమ్‌లో ఎవరైనా హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తామంటే దగ్గరికి రానివ్వకండి. బయటి నుంచి ఎక్కిస్తే వృషణాలు సొంత ఉత్పత్తి ఆపేస్తాయి, వీర్యకణాలు పడిపోతాయి.

ఒకవేళ నీరసంగా ఉంటూ, ఏడెనిమిది గంటలు పడుకున్నా రెండు మూడు వారాల్లో అది తగ్గకపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఒడిశాలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) సమస్య ఎక్కువ కాబట్టి, మీ ఇంట్లో ఎవరికైనా అది ఉంటే ఆ పరీక్ష కూడా అడగండి. మీ ఊళ్లోని జిల్లా ఆసుపత్రికి వెళ్తే చాలు. పరుగులో కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా మాత్రం ప్రాక్టీస్ ఆపేసి అదే రోజు డాక్టర్‌ను కలవండి.