తర్వాతి బోల్ట్ ఎవరో జూన్ నెలలో తేలదు

అమెరికా కాలేజీ పోటీల్లో పంతొమ్మిదేళ్ల కుర్రాడొకడు గాలి సాయంతో 100 మీటర్లను 9.8 సెకన్లలోపు ముగించాడనీ, తర్వాతి బోల్ట్ ఇతడేనా, ఉసేన్ బోల్ట్ నెలకొల్పిన 9.58 సెకన్ల ప్రపంచ రికార్డు ఇంకెంతకాలం నిలుస్తుందనీ మీరు అడిగారు. ఇతడు తర్వాతి బోల్ట్ కాడు, ఆ రికార్డు ఇంకా చాలాకాలం నిలుస్తుంది. అమెరికాలో చదువుకునే రోజుల్లో వసంతకాలపు శనివారాలను నేను చాలావరకు యూనివర్సిటీ ట్రాక్ పక్కన, గాలి వేగాన్ని కొలిచే విండ్ గేజ్ ముందు, జీతం లేని సహాయకుడిగా గడిపాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. అంత దగ్గర నుంచి చూసిన తర్వాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. కాలేజీ స్ప్రింటర్ ఎంత దూరం వెళ్తాడో తెలుసుకోవాలంటే అతని ఉత్తమ టైమింగ్‌ను పక్కన పెట్టి, ఆ ఏడాది అతని చేత ఎన్ని పరుగులు తీయించారో లెక్కపెట్టాలి.

ముందు గాలి సంగతి చెబుతాను. విండ్ గేజ్‌ను ముగింపు గీతకు 50 మీటర్ల దూరంలో, ట్రాక్ అంచు నుంచి 2 మీటర్లలోపు, 1.22 మీటర్ల ఎత్తున అమరుస్తారు. 100 మీటర్ల పరుగులో గన్ పేలినప్పటి నుంచి 10 సెకన్లపాటు గాలి వేగాన్ని కొలుస్తారు. 200 మీటర్లలోనైతే, అందరికంటే ముందున్నవాడు మలుపు దాటి నేరుదారిలోకి రాగానే కొలత మొదలవుతుంది. వెనుక నుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే ఆ టైమింగ్ రికార్డులకు పనికిరాదు. గేజ్ 2.03 చూపించినా 2.1 అనే రాయాలి తప్ప కిందికి సవరించడానికి వీల్లేదు. ఇంత జాగ్రత్తగా కొలిచిన అంకెను ప్రసారకర్తలు తెర మీద ఒక మూల రెప్పపాటు చూపించి తీసేస్తారు, సోషల్ మీడియాలో పోస్టులు పెట్టేవాళ్లయితే అసలు ప్రస్తావించనే ప్రస్తావించరు. గాలి అంకె లేని 100 మీటర్ల టైమింగ్ నా దృష్టిలో సగం సమాచారం మాత్రమే. ఇక చేతి గడియారంతో తీసిన టైమింగ్‌ను పట్టుకొచ్చి వాదించేవాళ్లతో నేను మాట్లాడటమే మానేశాను. చేతి టైమింగ్‌ను ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో పోల్చేటప్పుడు 0.24 సెకన్లు కలపడం ఆనవాయితీ అని, ఈ పరుగులో 0.24 సెకన్లంటే ఒక్కోసారి విజేతకూ ఎనిమిదో స్థానానికీ మధ్య ఉండే తేడా కంటే ఎక్కువేనని వాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

గాలి సాయంతో వచ్చిన టైమింగ్‌కు నిజమైన విలువ ఎంతో చూడాలంటే కెనడా స్ప్రింటర్ ఆండ్రే డి గ్రాస్ ఉదాహరణ చాలు. 2015లో అమెరికా కాలేజీ క్రీడల సంఘమైన ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్‌లో అతను ఒకే రోజు 100 మీటర్లను 9.75 సెకన్లలో, 200 మీటర్లను 19.58 సెకన్లలో గెలిచాడు. మొదటి పరుగులో గాలి 2.7, రెండో దాంట్లో 2.4. ఆ రాత్రి అతనికి కూడా మీరు అడిగిన బిరుదే తగిలించారు. తర్వాత అతను టోక్యో ఒలింపిక్స్‌లో 200 మీటర్ల స్వర్ణం గెలిచాడు, గొప్ప రన్నర్ అనిపించుకున్నాడు. కానీ నిబంధనలకు లోబడిన గాలిలో 100 మీటర్లలో అతని ఉత్తమ టైమింగ్ 9.89 దగ్గరే ఆగింది.

నా అభిప్రాయానికి మూలమైన సంఘటన ఒక కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల బృందం) ఛాంపియన్‌షిప్ చివరి రోజున జరిగింది. రెండో ఏడాది చదువుతున్న ఒక స్ప్రింటర్ ముందురోజే 100, 200 రెండింటి హీట్స్‌లోనూ (ఫైనల్‌కు ముందు జరిగే పరుగులు) పరుగెత్తాడు. ఆ రోజు మొదట 4×100 రిలేలో చివరి లెగ్, తర్వాత 100 ఫైనల్, గంట తిరక్కుండానే 200 ఫైనల్, అది చాలదన్నట్టు సాయంత్రం 4×400 జట్టులో కూడా అతని పేరుంది. 100 మీటర్లలో అతనే గెలిచాడు, గేజ్ మాత్రం 2.1 చూపించింది. వాళ్ల కోచ్ గబగబా నా దగ్గరికి వచ్చి ఇంకోసారి చూడమన్నాడు. తెర మీద నిలిచి ఉన్న అంకెను చూపించాను. వెనకాలే వచ్చిన కుర్రాడు ఏమీ అడగలేదు. ఎడమ తొడ వెనుక అంటించిన నీలం టేపు ఒక చివర ఊడిపోతుంటే, చెమటకు అంటుకోని ఆ ముక్కను అరచేత్తో పదేపదే నొక్కుతూ నిలబడ్డాడు.

200 ఫైనల్‌లో మలుపు దాటి నేరుదారిలోకి అందరికంటే ముందు వచ్చింది అతనే. నేను బటన్ నొక్కాను. నా ఎదురుగా రాకముందే అతని ఎడమ కాలు తడబడింది, చేయి తొడ వెనక్కి వెళ్లింది, ఒంటికాలి మీద రెండు గెంతులు వేసి తన లేన్‌లోనే కూలబడ్డాడు. కాలు ముందుకు దూసుకొచ్చి నేలను తాకబోయే క్షణంలో తొడ వెనుక కండరం బాగా సాగి, అదే సమయంలో బిగుసుకోవలసి వస్తుంది. అలసిన కండరం తెగేది ఎక్కువగా అక్కడే. గేజ్‌కు ఇదేమీ పట్టదు కాబట్టి తన పది సెకన్లు ముగించి 1.4 చూపించింది, మిగతా రన్నర్లకు ఆ అంకె అవసరం కాబట్టి నేను రాసుకున్నాను. ట్రాక్ లోపలి గడ్డి మీద ఫిజియో అతని తొడకు ఐస్ సంచి కడుతుండగా, కోచ్ నాలుగడుగుల దూరంలో అధికారి దగ్గర నిలబడి, 4×400 జట్టులో పేరు మార్చడానికి ఇంకా ఎంత వ్యవధి ఉందని అడుగుతున్నాడు. కుర్రాడు పడుకున్నచోటి నుంచే నన్ను పిలిచి, 200లో గాలి ఎంత వచ్చిందని అడిగాడు. తాను పూర్తి చేయని పరుగు గురించి! 1.4 అని చెప్పాను. అయితే లెక్కలోకి వచ్చేదే అన్నాడు. ఆ మరుసటి ఏడాది ఏ ఫైనల్‌లోనూ అతని పేరు నాకు కనిపించలేదు.

ఆ కోచ్ దుర్మార్గుడేమీ కాదు, ఆ పద్ధతే అలాంటిది. ఎన్‌సీఏఏ జట్టు ఛాంపియన్‌షిప్‌లో మొదటి ఎనిమిది స్థానాలకు వరుసగా 10, 8, 6, 5, 4, 3, 2, 1 పాయింట్లు దక్కుతాయి. 100, 200, రిలే మూడింటిలోనూ పరుగెత్తగలిగిన ఒక్క కుర్రాడి కాళ్ల మీద జట్టు స్థానం, కోచ్ ఉద్యోగం రెండూ ఆధారపడతాయి. జనవరిలో ఇండోర్ పోటీలు మొదలవుతాయి, మార్చిలో ఇండోర్ ఛాంపియన్‌షిప్, వెంటనే ఔట్‌డోర్, మేలో ప్రాంతీయ అర్హత పోటీలు, జూన్‌లో సెమీస్, ఫైనల్స్. అవి ముగిసేసరికి జాతీయ సెలక్షన్లు ఎదురుగా ఉంటాయి. అసలు ప్రపంచ ఛాంపియన్‌షిప్, ఉదాహరణకు 2025లో టోక్యోలో జరిగినది, సెప్టెంబరులో మొదలైంది. అంటే కాలేజీ కుర్రాడు తన ఉత్తమ పరుగును మూడు నెలల ముందే ఖర్చు చేసేసి అక్కడికి వెళ్తాడు. 2021 నుంచి క్రీడాకారులు తమ పేరు మీద సంపాదించుకోవడానికి, 2025 నుంచి కాలేజీలే నేరుగా డబ్బు చెల్లించడానికి వీలు కలగడంతో కాలేజీలో కొనసాగాలన్న ఆకర్షణ ఇంకా పెరిగింది. ఆ డబ్బులో సింహభాగం అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌లకే పోతుందన్నది వేరే కథ.

క్రిస్టియన్ కోల్‌మన్ 2017లో టెనెసీ యూనివర్సిటీ తరఫున ఎన్‌సీఏఏ సెమీస్‌లో 9.82 సెకన్లతో కాలేజీ రికార్డు నెలకొల్పాడు. అదే ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో అతని టైమింగ్ 10.04. వేసవి చివర లండన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 9.94తో రజతం సాధించాడు. ఆ పోటీలో బోల్ట్ కంటే ముందున్నాడన్న మాట నిజమే గాని, జూన్‌లో ఉన్న వేగం ఆగస్టులో లేదన్నదీ అంతే నిజం. ట్రేవాన్ బ్రామెల్ 18 ఏళ్లకే, 2014లో, బేలర్ యూనివర్సిటీ విద్యార్థిగా 9.97 పరుగెత్తి జూనియర్ ప్రపంచ రికార్డు సృష్టించాడు. రెండేళ్ల తర్వాత రియో ఒలింపిక్స్ రిలే ముగిశాక అతన్ని చక్రాల కుర్చీలో తీసుకెళ్లారు. మడమ వెనుక స్నాయువు గాయం నుంచి కోలుకుని 9.76 వరకు రావడానికి అతనికి 2021 వరకు పట్టింది. మరోవైపు బోల్ట్ అమెరికా కాలేజీల ఆహ్వానాలను కాదని జమైకాలోనే ఉండిపోయాడు. అమెరికా స్ప్రింటర్ నోవా లైల్స్ పాఠశాల నుంచి నేరుగా ప్రొఫెషనల్ అయ్యాడు. జూలియన్ ఆల్‌ఫ్రెడ్ టెక్సస్‌లో చదివి ఒలింపిక్ ఛాంపియన్ కాలేదా అని మీరు అడగవచ్చు. అయింది. ఆమె 23 ఏళ్ల వయసులో, కాలేజీ ముగించాక, అదే కోచ్ దగ్గర కొనసాగుతూ గెలిచింది. కాలేజీ పాయింట్ల భారం దిగిపోయాకే ఆ విజయం వచ్చిందని నేనంటాను.

ఇక 9.58 విషయానికి వస్తే, 2009 ఆగస్టు 16న బెర్లిన్‌లో గాలి 0.9 మాత్రమే. 1.95 మీటర్ల పొడుగున్న బోల్ట్ ఆ దూరాన్ని సుమారు 41 అంగల్లో దాటాడు, 60 నుంచి 80 మీటర్ల మధ్య భాగాన్ని 1.61 సెకన్లలో ముగించాడు. ఆ తర్వాత ఇంకెవరూ 9.69 కంటే ముందుకు రాలేదు, దాన్ని అందుకున్నది టైసన్ గే, యోహాన్ బ్లేక్ ఇద్దరే. కార్బన్ ప్లేటు, కొత్తరకం ఫోమ్ ఉన్న స్పైక్స్ బూట్లు వచ్చి ఇన్నేళ్లయినా, 2025లో జమైకా స్ప్రింటర్ కిషేన్ థాంప్సన్ 9.75 వరకే రాగలిగాడు. బూట్లు అందరినీ కొంత ముందుకు జరిపాయి గాని శిఖరాన్ని కదిలించలేకపోయాయి.

అందుకే రాబోయే రోజుల్లో ఒక్క మహావీరుడు కాకుండా ఒక గుంపు కనిపిస్తుందని నా నమ్మకం. 2024 పారిస్ ఒలింపిక్స్ ఫైనల్‌నే తీసుకోండి. 30 మీటర్ల దగ్గర అందరికంటే వెనుక ఉన్న లైల్స్ 9.784తో గెలిచాడు, థాంప్సన్ 9.789తో రెండోవాడయ్యాడు. ఎనిమిదో స్థానంలో వచ్చిన ఆబ్లిక్ సెవిల్ టైమింగ్ 9.91. ఒకప్పుడు ఆ టైమింగ్‌తో పతకాలు వచ్చేవి. ఆ సెవిలే మరుసటి ఏడాది టోక్యోలో 9.77తో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఒకే ఏడాదిలో ఎనిమిదో స్థానం మొదటి స్థానంగా మారగలిగే పోటీలో, కాలేజీ ఫైనల్ ఒక్కటి చూసి వారసుణ్ణి ప్రకటించడం తొందరపాటే.

మీరు చెప్పిన కుర్రాడి విషయంలో నేనైతే రెండే చూస్తాను. 2.0 లోపు గాలిలో అతని టైమింగ్ ఎంత, వచ్చే ఏడాది అతనిని ఎన్ని ఈవెంట్లలో దింపుతారు. ఈ రెండూ సరిగ్గా ఉంటే 23, 24 ఏళ్లకు 9.8 దరిదాపుల్లో నిలకడగా పరుగెత్తుతాడు, పతకాలూ గెలుస్తాడు. 9.58 మాత్రం 2032 బ్రిస్బేన్ ఒలింపిక్స్ నాటికీ అక్కడే ఉంటుంది.

నిజానికి మీరు అడగవలసిన రికార్డు మహిళలది. ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ 1988లో ఇండియానాపొలిస్‌లో 10.49 పరుగెత్తినప్పుడు విండ్ గేజ్ 0.0 చూపించింది, అదే సమయంలో ట్రిపుల్ జంప్ దగ్గరున్న గేజ్ 4.3 చూపించింది. గేజ్ ముందు కూర్చున్న అనుభవం ఉన్నవాళ్లెవరూ ఆ సున్నాను నమ్మరు. 2021లో ఎలేన్ థాంప్సన్ హేరా 0.9 గాలిలో 10.54 పరుగెత్తింది. 2025లో కోస్టల్ కరోలైనా మాజీ విద్యార్థిని మెలిసా జెఫర్సన్ వుడెన్ 10.61తో ప్రపంచ ఛాంపియన్ అయింది. కాలేజీ ట్రాక్‌ల నుంచి వచ్చే తరంలో బద్దలయ్యే 100 మీటర్ల ప్రపంచ రికార్డు ఏదైనా ఉంటే, అది 10.49 అవుతుంది.