డిసెంబరు 22 దాటినా పొద్దు ఇంకా ఆలస్యంగా ఎందుకు పొడుస్తోంది?

ఏడాదిలో అతి చిన్న పగలు డిసెంబరు 22 దగ్గర అయిపోతుంది కదా, మరి జనవరిలో కూడా హైదరాబాద్‌లో సూర్యోదయం రోజురోజుకీ ఆలస్యమవుతోందేం అని అడిగారు. సరిగ్గా ఇదే మా నాన్న నన్ను అడిగారు. ఆయన రోజూ డాబా మీద సూర్యుడికి అర్ఘ్యం ఇస్తారు. సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు చెంబు పట్టుకుని నిలబడి, "ఏరా, పగలు పెరుగుతోందంటారు, ఈయనేమో ఇంకా రాడు!" అన్నారు. క్యాలెండర్లో అచ్చుతప్పేమో అన్నాను. తప్పు నాదే.

మనం ఒకటిగా అనుకునేవి ఇక్కడ రెండున్నాయి. పగలు ఎంతసేపు ఉంది అన్నది ఒకటి. ఆ పగటికి నడిమధ్య, అంటే సూర్యుడు నడినెత్తికి దగ్గరగా వచ్చే సమయం, మన గడియారంలో ఎన్నింటికి పడుతోంది అన్నది ఇంకొకటి. ఈ రెండోది కూడా కదులుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

నమ్మకం కుదరక డాబా మీద బట్టలారేసే ఇనప గొట్టం నీడ కొలిచాను. నీడ ఎప్పుడు అతి పొట్టిగా ఉందో కంటికి ఆనదు. అందుకని పది గంటలకు నీడ కొస దగ్గర సుద్దతో గీత గీసి, మధ్యాహ్నం నీడ మళ్లీ అంతే పొడవు అయ్యే టైం చూసి, రెండింటికీ మధ్య సమయం తీసుకున్నాను. ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూగా నవంబరు మొదట్లో 12:00, డిసెంబరు 22 ప్రాంతంలో 12:14, ఫిబ్రవరి రెండో వారంలో 12:30 వచ్చింది. (మన గడియారం కాకినాడ పక్కనుంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ దానికి పడమర ఉంది కాబట్టి, ఇక్కడ ఏడాది సగటు 12:16.)

ఎందుకు కదులుతుంది? భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టేది 24 గంటలు కాదు, 23 గంటల 56 నిమిషాలు. ఈలోగా సూర్యుడి చుట్టూ దాదాపు ఒక డిగ్రీ ముందుకు జరుగుతుంది కాబట్టి, సూర్యుడికి మళ్లీ ఎదురు రావాలంటే ఇంకో నాలుగు నిమిషాలు తిరగాలి. మధ్యలో స్టూలు పెట్టి, దాని చుట్టూ గిరగిరా తిరుగుతూ నడవమని మా అమ్మాయికి చెప్పాను. మూడో చుట్టుకే కళ్లు తిరిగి కూలబడింది కానీ, విషయం మాత్రం అర్థమైంది.

ఆ నాలుగు నిమిషాలు రోజూ ఒకేలా ఉండవు. జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి అతి దగ్గరగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, వేగంగా పోతుంది. చాలామంది ఈ కారణం చెప్పి ఊరుకుంటారు. నిజానికి పెద్ద వాటా భూమి అక్షానికున్న 23.4 డిగ్రీల వంపుది. మార్చి, సెప్టెంబరుల్లో ఆకాశంలో సూర్యుడి కదలిక కొంత ఉత్తర దక్షిణాలకు పోతుంది. డిసెంబరు, జూన్‌లలో అంతా తూర్పుకే. దాంతో భూమి ఇంకాస్త ఎక్కువ తిరగాల్సి వస్తుంది. ఈ రెండూ కలిసి డిసెంబరు చివర్లో పగటి నడిమధ్యను రోజుకు సుమారు 30 సెకన్లు ఆలస్యం చేస్తాయి.

ఇప్పుడు లెక్క చూడండి. డిసెంబరు 22న సూర్యోదయం 6:42, అస్తమయం 5:46. జనవరి 20కి పగలు పది నిమిషాలు పెరిగింది. ఆ లెక్కన పొద్దు ఐదు నిమిషాలు ముందే పొడవాలి. కానీ పగటి నడిమధ్యే 12 నిమిషాలు ఆలస్యమైంది. పన్నెండులోంచి ఐదు తీసేస్తే ఏడు, అంటే ఉదయం 6:49. సాయంత్రం రెండూ కలిసొస్తాయి కాబట్టి 17 నిమిషాలు, 6:03. సంక్రాంతికి సాయంత్రాలు చటుక్కున సాగినట్టు అనిపించడం ఇందుకే. ఏడాదిలో అన్నిటికన్నా ముందుగా అయ్యే అస్తమయం కూడా డిసెంబరులో కాదు, నవంబరు చివర్లోనే అయిపోతుంది.

ఉత్తరానికి పోయేకొద్దీ పగటి హెచ్చుతగ్గులు ఎక్కువ కాబట్టి పొద్దు ఆలస్యమవడం ఆగి మళ్లీ ముందుగా పొడవడం మొదలయ్యే మలుపు తొందరగా వస్తుంది. ఢిల్లీలో జనవరి రెండో వారానికే, లండన్‌లో కొత్త సంవత్సరానికే. మనకు జనవరి 20 అటూ ఇటూ.

నాన్నకు ఇదంతా గచ్చు మీద సుద్దతో గీసి చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే నెలాఖరు దాకా ఆరూ యాభైకి వస్తే చాలన్నమాట" అని చెంబు తీసుకుని కిందికి దిగిపోయారు.