అమెరికా గెలుస్తుందని చెప్పడం కూడా ఒక జోస్యమేనా?

అంతర్జాతీయ మహిళల బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఎవరు గెలుస్తారో సరదాగా ముందే చెప్పాలంటే ర్యాంకింగ్ చూస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. అసలు ఎవరు గెలుస్తారు అన్నది కాదు, ఎన్ని పాయింట్ల తేడాతో అన్నది చెప్పాలి, అప్పుడే మీకు ఆట తెలుసో లేదో తేలుతుంది. అమెరికా ఆడుతుంటే అమెరికా గెలుస్తుందని ఎవరైనా చెప్తారు, 1992 బార్సిలోనా సెమీస్ తర్వాత ఒలింపిక్స్‌లో వాళ్ళు ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదు మరి.

నాకిది 2024 ఆగస్టు 11న బాగా తెలిసొచ్చింది. పారిస్ ఒలింపిక్స్ ఫైనల్, అమెరికా - ఫ్రాన్స్. మ్యాచ్‌కి ముందు మా తమ్ముడు "ఎంత తేడా అక్కా" అంటే ఏం ఆలోచించకుండా 18 అన్నాను, ఎందుకంటే సెమీస్‌లో ఆస్ట్రేలియాని 85-64తో కొట్టారు, అంతకుముందు జపాన్, బెల్జియం, జర్మనీ, నైజీరియా అందరి మీదా పదికి పైనే తేడా. వాడేమో పది లోపే అన్నాడు. హాఫ్ టైమ్‌కి 25-25! అమెరికా వాళ్ళు ఏది వేసినా బంతి రింగ్‌కి తగిలి బయటికే, పాస్‌లు ఎదుటివాళ్ళ చేతుల్లోకే, ఇంక మూడో క్వార్టర్‌లో ఫ్రాన్స్ పది పాయింట్లు ముందుకెళ్ళిపోయేసరికి నేను కుర్చీలో కూర్చోలేక నిలబడిపోయాను. అక్కణ్ణుంచి అమెరికా ప్లేయర్ ఏజా విల్సన్ లాక్కొచ్చింది, ఆ అమ్మాయి 21 పాయింట్లు, 13 రీబౌండ్లు (బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతిని అందుకోవడం). చివర్లో అమెరికాకే చెందిన కాలియా కాపర్ రెండు ఫ్రీ త్రోలూ (ఫౌల్‌కి బదులుగా ఇచ్చే, ఎవరూ అడ్డుకోని షాట్లు, ఒక్కోటి ఒక పాయింట్) వేసి 67-64 చేసింది, మిగిలింది నాలుగు సెకన్లు కూడా లేదు. బజర్ మోగుతుంటే ఫ్రాన్స్ ప్లేయర్ గాబీ విలియమ్స్ దూరం నుంచి విసిరితే అది బోర్డుకి తగిలి లోపల పడింది, మా వాడు "మూడు, మూడు, ఓవర్‌టైమ్!" అని ఒకటే అరుపు. తీరా చూస్తే ఆమె కాలు మూడు పాయింట్ల లైన్ మీద ఉంది, దాని బయటినుంచి వేస్తేనే మూడు. రెండే పాయింట్లు, 67-66. అమెరికాకి వరసగా ఎనిమిదో గోల్డ్. గెలిచేది ఎవరో నేను కరెక్ట్‌గానే చెప్పాను, కానీ ఆ రోజు ఆట సంగతి వాడే చెప్పాడు.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే కారణం ఎదురుగానే ఉంది. అమెరికా అమ్మాయిలంతా డబ్ల్యూఎన్‌బీఏ (అమెరికాలో మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) సీజన్ మధ్యలోంచి వచ్చినవాళ్ళు, కలిసి ప్రాక్టీస్ చేసింది చాలా తక్కువ. ఆ జులైలో ఆల్‌స్టార్ గేమ్‌లో, అంటే అదే లీగ్‌లోని మిగతా మేటి ప్లేయర్ల జట్టుతో ఆడిన మ్యాచ్‌లో, ఇదే ఒలింపిక్ టీమ్ 117-109తో ఓడిపోయింది కూడా, అది చూసి ఉండి కూడా నేను లెక్కలోకి తీసుకోలేదు. ఫ్రాన్స్‌కేమో సొంత దేశం, సొంత జనం. కాబట్టి నా మాట ఏంటంటే ర్యాంకింగ్ పక్కన పెట్టి ముందు ఎవరు ఎన్నాళ్ళు కలిసి ఆడారో చూడండి, తర్వాత ఎక్కడ ఆడుతున్నారో చూడండి, మూడోది ఫౌల్స్. డబ్ల్యూఎన్‌బీఏలో ఆరు ఫౌల్స్‌కి బయటికి పంపిస్తారు, ఇంటర్నేషనల్ మ్యాచ్‌ల్లో ఐదుకే. ఒక పెద్ద ప్లేయర్‌కి మొదటి హాఫ్‌లోనే మూడు పడ్డాయంటే కోచ్ బెంచ్ మీద కూర్చోబెడుతుంది, అక్కడే తేడా మొత్తం కరిగిపోతుంది.

ఇంకో బాధ కూడా చెప్పాలి. అంత మ్యాచ్ జరిగితే మర్నాడు నేను చూసిన వార్తల్లో "అమెరికాకి మళ్ళీ స్వర్ణం" అని ఒక్క లైను, అంతే! ముందు రోజు ఇవే రెండు దేశాల మగాళ్ళ ఫైనల్ 98-87తో అయిపోతే దానికి మాత్రం పేజీలు. అమ్మాయిల ఆట చూడకుండానే "ఆ, వాళ్ళే గెలుస్తారులే" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, 2006 వరల్డ్ ఛాంపియన్‌షిప్ సెమీస్‌లో రష్యా చేతిలో ఇదే అమెరికా ఓడిపోయిందని వాళ్ళకి తెలీనే తెలీదు.

2026 సెప్టెంబర్ బెర్లిన్ వరల్డ్ కప్‌కి నా లెక్క ఇప్పుడే రాసేస్తున్నా: కప్పు అమెరికాదే, కానీ నాకౌట్‌లో ఫ్రాన్స్ గానీ ఎదురైతే తేడా పది లోపే. ఈసారి మా తమ్ముడు పదిహేను దాటుతుంది అంటున్నాడు.