మంచుకు జింకలు పోయాయి, నా ట్యాగూ పోయింది: బావగారి అడ్రస్ వాడొచ్చా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది నెల్లూరు. ఆరేళ్లుగా అమెరికాలో, డెన్వర్ పక్కనున్న అరోరాలో ఉంటున్నాను. హెచ్‌1బీ వీసా. ఆఫీసు స్నేహితుల వల్ల వేట అలవాటైంది. పక్క రాష్ట్రమైన వయోమింగ్ పశ్చిమ భాగంలో మ్యూల్ డీర్ (ఒక రకం జింక) ట్యాగ్, అంటే వేట అనుమతి, కోసం జరిగే డ్రాలో (లాటరీలో) అవకాశం పెంచే పాయింట్లు ఏటా కొంటూ వస్తున్నాను. 2023 చలికి జింకలు బాగా చనిపోయాయని మాలాంటి బయటి రాష్ట్రాలవాళ్ల ట్యాగులు తగ్గించేశారు. అక్కడివాళ్లు మాత్రం డ్రా లేకుండానే లైసెన్స్ కొనుక్కుని వెళ్తున్నారు. పైగా వాళ్లకు 42 డాలర్లు, నాకు 374. ఇది వివక్ష కాదా? కోర్టుకు వెళ్లొచ్చా? మా బావగారు వయోమింగ్ రాజధాని షయాన్‌లో ఉంటారు. తన అడ్రస్ పెట్టి స్థానికుడిగా దరఖాస్తు చేయమంటున్నారు. ఏమైనా ఇబ్బందా? కిందటి వేసవిలో కొన్న రైఫిల్ ఇంట్లో అల్మరాలో ఉంది. దానికి కూడా కాగితాలేమైనా ఉండాలా?

జవాబు: మీరు చివర్లో అడిగిన రైఫిల్ సంగతి ముందు చెబుతాను. దాని గురించి ఈరోజే చూసుకోవాలి, మిగతావి రేపు చూసుకున్నా పర్వాలేదు.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్‌1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మీకు పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ మీ చేతిలో ఉండాలి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. మీరు రైఫిల్ కొన్నప్పుడు లైసెన్స్ చూపించే ఉంటారు. ఆ లైసెన్స్ గడువు ఎప్పుడు తీరిందో, లేక తీరబోతోందో ముందు చూడండి. గడువు తీరిపోయి, కొత్తది తీసుకోకపోతే, ఆ మధ్య రోజుల్లో రైఫిల్ మీ అల్మరాలో ఉండటమే నేరం. దాన్ని బయటకు తీయనవసరం కూడా లేదు. 2022 సవరణ తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. అది అయ్యాక దేశం నుంచి పంపించేసే ప్రక్రియ వేరే ఉంటుంది.

ఇంకో మాట. మీరు ఏటా కొంటున్న వయోమింగ్ పాయింట్ అనేది లైసెన్స్ కాదు, డ్రాకు దరఖాస్తు చేసిన రసీదూ లైసెన్స్ కాదు. ఈ రెండింటినీ నమ్ముకుని తుపాకీ పెట్టుకున్నవాళ్లు ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. మీ భార్య హెచ్4 మీద ఉండి, ఆమెకు వేట లైసెన్స్ లేకపోతే, తాళం లేని అల్మరాలోని రైఫిల్ ఆమె చేతికీ అందుబాటులో ఉన్నట్టే. సేఫ్ కొని, తాళం మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోండి. వీకెండ్‌లో షూటింగ్ రేంజ్‌కి వెళ్లి అద్దె తుపాకీతో సరదాగా కాల్చే మన పిల్లలకు కూడా ఇదే చట్టం వర్తిస్తుంది. లైసెన్స్ లేకుండా అయిదు నిమిషాలు పట్టుకున్నా, పట్టుకున్నట్టే.

ఇక బావగారి అడ్రస్. దయచేసి ఆ పని చేయకండి. వయోమింగ్‌లో స్థానికుడు కావాలంటే దరఖాస్తుకు ముందు పూర్తి ఏడాది పాటు అక్కడే స్థిరనివాసం ఉండాలి. ఆ ఏడాదిలో ఇంకెక్కడా, ఏ పనికీ, నేను ఇక్కడి నివాసిని అని చెప్పుకుని ఉండకూడదు. మీకు కొలరాడో డ్రైవింగ్ లైసెన్స్ ఉంది, కొలరాడోకే రాష్ట్ర పన్ను కడుతున్నారు. ఈ రెండు కాగితాలే మీ మీద సాక్ష్యం. తప్పుడు ప్రమాణంతో తీసుకున్న ట్యాగ్‌తో జింకను కొడితే అది అక్రమ వేట అవుతుంది. ఆ మాంసం కారులో వేసుకుని రాష్ట్ర సరిహద్దు దాటారంటే లేసీ చట్టం కింద ఫెడరల్ కేసు కూడా పడొచ్చు. ఒక రాష్ట్రంలో వేట హక్కు రద్దయితే మిగతా దాదాపు అన్ని రాష్ట్రాలూ దాన్ని గౌరవించేలా వాటి మధ్య ఒప్పందం ఉంది. వీసా స్టాంపింగ్‌లోనూ గ్రీన్‌కార్డు దరఖాస్తులోనూ అరెస్టు, నేరం గురించి అడుగుతారు. అక్కడ ఏం రాస్తారు? అడ్రస్ ఇచ్చి సహకరించినందుకు బావగారూ ఇరుక్కుంటారు. ఒక్క జింక కోసం రెండు కుటుంబాలు ఇంత టెన్షన్ పడటం నాకు ఇష్టం లేదు.

బావగారి సాయం చట్టబద్ధంగా అందే చోటు ఒకటుంది. వయోమింగ్‌లో ఫెడరల్ వైల్డర్‌నెస్ (రక్షిత అడవి) ప్రాంతాల్లో బయటివాళ్లు పెద్ద జంతువుల వేటకు గైడ్ లేకుండా వెళ్లకూడదు. స్థానికులైనవాళ్లు రుసుము లేకుండా గైడ్ లైసెన్స్ తీసుకుని, డబ్బు పుచ్చుకోకుండా బంధువులకో స్నేహితులకో తోడుగా వెళ్లొచ్చు. ఆయన అక్కడ ఏడాదికి పైగా ఉంటున్నట్టయితే, మీకు ట్యాగ్ వచ్చిన ఏడు ఆ లైసెన్స్ తీసుకోమనండి.

వివక్ష సంగతికి వద్దాం. ట్యాగ్ అంటే తెలియని పాఠకులకు ఒక మాట: ఏ జంతువు, మగదా ఆడదా, ఏ ప్రాంతం, ఏ తేదీలు అన్నది రాసి ఉండే అనుమతి అది. ఒక ట్యాగ్‌కు ఒక జంతువే. కొట్టిన తర్వాత తేదీ గుర్తించి, సంతకం చేసి జంతువుకు కట్టాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు వేట దాదాపు పూర్తిగా నిషేధం కాబట్టి ఈ పద్ధతి మనకు కొత్త.

బయటివాళ్లకు ఎక్కువ ధర, తక్కువ ట్యాగులు పెట్టడం చెల్లుతుందా అన్నది అమెరికా కోర్టుల్లో ఇప్పటికే తేలింది. మోంటానా రాష్ట్రం ఎల్క్ (పెద్ద జింక జాతి) వేటతో కలిసిన లైసెన్స్‌కు స్థానికుల దగ్గర 30 డాలర్లు, బయటివాళ్ల దగ్గర 225 డాలర్లు తీసుకునేది. దాని మీద వెళ్లిన బాల్డ్విన్ కేసులో 1978లో సుప్రీంకోర్టు, ఎల్క్ వేట వినోదమే గానీ జీవనోపాధి కాదని, కాబట్టి రాష్ట్రం తేడా చూపించవచ్చని చెప్పింది. 2002లో అరిజోనా కోటా కేసులో ఒక అప్పీలు కోర్టు బయటివాళ్ల వైపు కొంత మొగ్గింది. వాళ్ల ఆశ మూడేళ్లే నిలిచింది. 2005లో అమెరికా కాంగ్రెస్, స్థానికులకూ బయటివాళ్లకూ వేటలో వేర్వేరు నిబంధనలు పెట్టే అధికారం రాష్ట్రాలదేనని చట్టం చేసింది. అదే ఏడాది వయోమింగ్ ఫీజుల మీద, కోటాల మీద వేసిన షుట్జ్ కేసును కూడా అప్పీలు కోర్టు కొట్టేసింది. భూమి ఫెడరల్ ప్రభుత్వానిదైనా దాని మీద తిరిగే జింకల వేటను నియంత్రించేది రాష్ట్రమే. విదేశీయుడిని కాబట్టి ఇలా చేస్తున్నారేమో అని మనసులో ఉంటే తీసేయండి. చట్టబద్ధంగా ఉంటున్న విదేశీయుడు కూడా ఏడాది నివాసంతో అక్కడ స్థానికుడు కాగలడు. కేసు వేస్తే మీ డబ్బు నా బోటి లాయర్లకు చేరడం తప్ప ఫలితం ఉండదు.

చట్టం ఒప్పుకున్నంత మాత్రాన పద్ధతి న్యాయంగా ఉందని నేను అనను. మీ బాధలో సబబు ఉంది. 2022-23 చలికాలం అక్కడి జింకల పాలిట కరువు లాంటిది. మ్యూల్ డీర్ వేసవిలో పట్టించిన కొవ్వుతోనే చలికాలం గడుపుతుంది. లోతు మంచులో వేసే ప్రతి అడుగూ ఆ కొవ్వును కరిగిస్తుంది. తినే సేజ్‌బ్రష్ పొదలు మంచు కింద పడిపోయాయి. వయోమింగ్ రేంజ్ అనే కొండల్లో విశ్వవిద్యాలయ పరిశోధకులు మెడకు కాలర్లు వేసి గమనిస్తున్న జింక పిల్లలన్నీ చనిపోయాయి. తల్లుల్లోనూ సగానికి పైగా పోయాయి. అక్కడి పైన్‌డేల్ ఊరి వైపు ప్రాంగ్‌హార్న్‌లకు (జింక లాంటి జంతువులు) చలితో పాటు న్యుమోనియా కూడా తగిలింది. అలాంటప్పుడు ట్యాగులు తగ్గించడం తప్పనిసరి, ముందుగా ఆడవాటివి. కొద్ది మగవి ఉన్నా మంద మళ్లీ పెరుగుతుంది, తల్లులు లేకపోతే పెరగదు.

నాకు అన్యాయంగా కనిపించేది కోత పడిన తీరు. ఆ ప్రాంతంలో బయటివాళ్లకు సంఖ్య మీద కోటా ఉంది, దాన్ని సగం చేస్తే వేటగాళ్లు కచ్చితంగా సగమవుతారు. స్థానికులు డ్రా లేకుండా కొనే జనరల్ లైసెన్స్‌కు సంఖ్య పరిమితి లేదు. వాళ్లను ఆపాలంటే సీజన్ రోజులు తగ్గించాలి, లేదా కొమ్ముకు ఇన్ని కొనలు ఉంటేనే కొట్టాలని షరతు పెట్టాలి. దానివల్ల అడవిలోకి వెళ్లేవాళ్లు ఎంత తగ్గుతారో ముందుగా లెక్క కట్టలేం. ఒక్కోసారి ఉన్న కొద్ది రోజుల్లోనే అందరూ ఒకేసారి వెళ్లి పడతారు. దాంతో విపత్తు ఏడాది ఖాయమైన త్యాగం బయటివాళ్ల వాటాకే పడుతుంది. వయోమింగ్ వేట శాఖకు లైసెన్సుల మీద వచ్చే ఆదాయంలో ఎక్కువ భాగం బయటివాళ్లదే అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

దీన్ని అడగాల్సిన చోటు వేట నిబంధనలు నిర్ణయించే వయోమింగ్ గేమ్ అండ్ ఫిష్ కమిషన్. చలి ముగిసేలోపు సీజన్ ప్రతిపాదనలు బయటకు వస్తాయి, ప్రజల సమావేశాలు పెడతారు, ఏప్రిల్‌లో కమిషన్ నిర్ణయిస్తుంది. బయటి రాష్ట్రం వాళ్లు కూడా అభిప్రాయం రాసి పంపవచ్చు. మీ ఉత్తరంలో 42, 374ల ప్రస్తావన వద్దు, అది తేలిపోయిన వాదన. దెబ్బతిన్న మంద ఉన్న ప్రాంతాల్లో, మంద కోలుకునేదాకా స్థానికుల లైసెన్సులకు కూడా సంఖ్య పరిమితి పెట్టి, కోత రెండు వైపులా ఒకే నిష్పత్తిలో వేయమని అడగండి. ప్రాంతం పేరు, మీరు ఎన్నేళ్లుగా పాయింట్లు కొంటున్నారు అన్నవి రాయండి. ఈలోగా కొలరాడోలో మీరు ఎటూ స్థానికులే కాబట్టి అక్కడి డ్రాకు ఏప్రిల్ మొదటి వారం గడువులోపు దరఖాస్తు పెట్టండి. దానికి ముందు కొనాల్సిన అర్హత లైసెన్సుల్లో చిన్న జంతువుల వార్షిక లైసెన్స్ ఒకటి. అది తీసుకుంటే మీ రైఫిల్‌కూ రక్షణ దొరుకుతుంది.