అమెరికా ఫార్మ్‌డీ ఇంటర్వ్యూకి ఏం చదవాలి?

ప్రశ్న: మా చెల్లె హనుమకొండలో బీ ఫార్మసీ నాలుగో సంవత్సరం. అమెరికాలో ఫార్మ్‌డీకి అప్లై చేస్తానంటోంది. సీటు ఇచ్చేముందు ఇంటర్వ్యూ చేస్తారట. ఏం చదవాలి? కోచింగ్ అవసరమా?

అన్నా, కోచింగ్ వద్దు. ఆ డబ్బుతో చెల్లెకు ఒక మంచి హెడ్‌ఫోన్ కొనిపెట్టండి. నేను ఇచ్చినవి రెండే ఇంటర్వ్యూలు. ఒకటి పోయింది, ఒకటి వచ్చింది. అయినా ఈ విషయంలో నాకంటే బాగా చెప్పేవాళ్ళు వరంగల్‌లో లేరని నా నమ్మకం. పోయినదాని గురించే ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేర్చుకున్నదంతా దాన్నుంచే.

ముందు ఒక మాట. మనకు ఇంటర్వ్యూ అంటే ఎందుకంత భయం? మనల్ని ఎప్పుడూ ఎవరూ అడగలేదు కాబట్టి. ఎంసెట్ రాశాం, ర్యాంకు వచ్చింది, వెబ్ ఆప్షన్లు పెట్టాం, సీటు వచ్చింది. ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్ అయింది కానీ పద్ధతి అదే. "నీకు ఫార్మసీ ఎందుకమ్మా?" అని కాలేజీలో ఒక్కరూ అడగరు. అడిగేది చుట్టాలే, అదీ వేరే రకంగా: "ఎంబీబీఎస్ రాలేదా బిడ్డా?" నాలుగేళ్ళు వైవాలు పెట్టారు కదా అంటారేమో. వైవా అంటే డెఫినిషన్ అప్పజెప్పడం. నోరు తెరిచి మన గురించి మనం పది నిమిషాలు మాట్లాడింది ఎన్నడూ లేదు.

అమెరికాలో అలా కాదు. అక్కడ ఫార్మ్‌డీ, అంటే డాక్టర్ ఆఫ్ ఫార్మసీ, నాలుగేళ్ళ ప్రొఫెషనల్ కోర్సు. చేర్చుకునే ముందు మనిషితో మాట్లాడి చూస్తారు. ఇదివరకు పీక్యాట్ అనే పరీక్ష ఉండేది, 2024లో దాన్నీ ఎత్తేశారు. ఇక వాళ్ళ ముందుండేవి మన మార్కులు, మన వ్యాసం, మన మాటలు. అందులో మార్కులు ఇప్పుడు మార్చలేం, వ్యాసం ఎవరితోనో రాయించుకుంటారు. మిగిలేది మాటలే.

అందరూ అడిగే ఇంకో ప్రశ్న కూడా ఇక్కడే తేల్చేస్తాను. "బీ ఫార్మసీ ఉండగా మళ్ళీ నాలుగేళ్ళు ఎందుకు, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవచ్చు కదా?" కుదరదు. విదేశీ ఫార్మసిస్టులకు పెట్టే ఆ పరీక్ష ఎఫ్‌పీజీఈఈ. 2003 జనవరి 1 తర్వాత పట్టా తీసుకున్నవాళ్ళు కనీసం ఐదేళ్ళ ఫార్మసీ కోర్సు చదివి ఉంటేనే రాయనిస్తారు. మనది నాలుగేళ్ళు. మన దేశంలో 2008లో మొదలైన ఆరేళ్ళ ఫార్మ్‌డీ చదివినవాళ్ళకు మాత్రం ఆ దారి ఉంది. నాకు ఇంటర్ అయ్యాక ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ జవాబు రాసే పనే ఉండేది కాదు.

ఇక నా కథ. హనుమకొండలో ఒక కన్సల్టెన్సీకి పోయాను. పేరు వద్దు. వాళ్ళు ముప్పై ప్రశ్నలు, ముప్పై జవాబులు ఉన్న పుస్తకం చేతిలో పెట్టారు. "ఫార్మసీ ఎందుకు?" అంటే "చిన్నప్పటి నుంచి ప్రజలకు సేవ చేయాలని కోరిక" అనాలి. "నీ బలహీనత ఏంటి?" అంటే "ఏ పనైనా పర్ఫెక్టుగా వచ్చేదాకా వదలను" అనాలి. మొత్తం బట్టీ పట్టాను. మా అమ్మ అన్నం పెడుతుంటే ఆమెకు కూడా ఇంగ్లీషులో అప్పజెప్పాను, పాపం వింది.

ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో, బతుకమ్మ తొమ్మిది రోజుల్లో పడింది. వాళ్ళకు పొద్దున పది, మనకు రాత్రి ఏడున్నర. సరిగ్గా ఆ టైముకే మా గల్లీలో ఆడోళ్ళంతా బతుకమ్మలు తెచ్చి పెట్టారు, డీజే పెట్టారు. కిటికీలు మూసి, తలుపు కింద దుప్పటి కుక్కి కూర్చున్నాను. అయినా పాట గదిలోకి వస్తూనే ఉంది. తెర మీద ఇద్దరు ప్రొఫెసర్లు, ఒక పెద్దాయన, ఒకావిడ. ఆవిడ నవ్వుతూ "ఆ పాట ఏమిటి, ఏదైనా పండగా?" అని అడిగింది.

ఆ ప్రశ్న నా పుస్తకంలో లేదు. నేను సారీ చెప్పాను. డిస్టర్బెన్స్‌కి సారీ, మా ఏరియాకి సారీ, ఇంకోసారి సారీ. రెండు నిమిషాలు క్షమాపణలే. తంగేడు పూలు, గునుగు పూలు, తొమ్మిది రోజులు, చెరువు, సద్దులు... ఇదంతా నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన విషయం. ఒక్క ముక్క చెప్పలేదు. ఆవిడ "పర్లేదు" అని కాగితం తిప్పింది.

తర్వాత సేవ సంగతి చెప్పాను. పెద్దాయన "మంచిది. ఎవరికి సేవ చేశావు? ఒక్కరి గురించి చెప్పు" అన్నాడు. నేను మళ్ళీ ప్రజలు, సమాజం అన్నాను. ఆయన వదల్లేదు. "నువ్వు చేసిన ఒక తప్పు చెప్పు" అన్నాడు. నేను పర్ఫెక్షన్ జవాబు అందుకున్నాను. ఆయన సన్నగా నవ్వి ఏదో రాసుకున్నాడు. ఆ నవ్వు చూడగానే సీటు పోయిందని అర్థమైంది. మూడు వారాలకు మెయిల్ వచ్చింది, రాలేదని.

నాకు బాగా కోపం వచ్చిన విషయమేంటంటే, చెప్పడానికి నా దగ్గర తప్పు ఉండింది. పెద్ద తప్పే. సిగ్గుపడి దాచుకున్నాను.

మా మేనమామకు నర్సంపేటలో మెడికల్ హాల్ ఉంది. ఆయనది డీ ఫార్మసీ. బీ ఫార్మసీ మూడో ఏడాది సెలవుల్లో రెండు నెలలు నన్ను కౌంటర్ మీద నిలబెట్టాడు. నేను ఇష్టంతో పోలేదు, అమ్మ పంపింది. వానాకాలం, ఊరంతా జ్వరాలు. ఒక అవ్వ చీటీ పట్టుకొని వచ్చింది. పారాసెటమాల్ 650, రోజుకు మూడు. నేను చీటీ చూశాను, స్ట్రిప్ తీశాను, పైసలు తీసుకున్నాను. పది సెకన్లు కూడా పట్టలేదు. వెంటనే తర్వాతి మనిషి చీటీ అందుకున్నాను. భలే స్పీడుగా చేస్తున్నానని నాకు గర్వం కూడా.

మామ లోపల బిల్లులు చూసుకుంటున్నాడు. తలెత్తి, "ఆ అవ్వను ఏమన్న అడిగినవా?" అన్నాడు. లేదన్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పోయి, ఆటో ఎక్కుతున్న అవ్వను వెనక్కి తోలుకొచ్చాడు.

"అవ్వా, ఇంట్ల ఇంకేం గోలీలు మింగుతున్నవ్?"

"ఏం లేవు బిడ్డా. గివే."

"కొంగుల ఏం కట్టినవ్?"

అవ్వ కొంగు ముడి విప్పింది. అందులో ఊళ్ళో ఆర్ఎంపీ కాగితంలో పొట్లం కట్టిచ్చిన తెల్ల గోలీలు. "కాళ్ళ నొప్పులకు ఇచ్చిండు, మూడు పూటల వేస్కోమన్నడు." ఎన్నడో ఆయన అదే గోలీలు మామ షాపులోనే కొన్నాడు, అందుకే మామ గుర్తుపట్టాడు, పారాసెటమాల్ 500. ఇంకో స్ట్రిప్పు సర్ది గోలీలది, కిరాణంలో కొన్నదట. వెనక తిప్పి చదివితే అందులోనూ పారాసెటమాల్ 500. అదీ మూడు పూటలు.

మామ నా చేతికి కాలిక్యులేటర్ ఇచ్చాడు, మాట్లాడలేదు. 650 మూడుసార్లు 1950. 500 మూడుసార్లు 1500. మళ్ళీ 1500. మొత్తం 4950 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకు రోజుకు దాటకూడనిది 4000. అదీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు. ఈమె బక్కపలచటి ముసలావిడ, రెండు రోజులుగా సరిగా తింటలేదని తనే చెప్పింది. అలా నాలుగు రోజులు మింగితే లివర్ ఏమయ్యేదో మూడో సంవత్సరం ఫార్మకాలజీలో నేను ఐదు మార్కులకు రాశాను కూడా.

"పేర్లు మూడు, మందొక్కటే," అన్నాడు మామ. పొట్లం, సర్ది గోలీలు తీసి పక్కన పెట్టాడు. అవ్వ చదువురాని మనిషి కదా, 650 స్ట్రిప్పు పెట్టిన కవరు మీద పెన్నుతో పొద్దున పొడిచే సూర్యుడు, నడినెత్తిన సూర్యుడు, చందమామ గీశాడు. ఇవి తప్ప ఇంకేం మింగొద్దని మూడుసార్లు చెప్పి, ఆమెతో మూడుసార్లు చెప్పించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండు అనిపించింది.

రెండో ఇంటర్వ్యూ జనవరిలో. ఈసారి పుస్తకం అటక మీద పడేశాను. తప్పు గురించి అడిగారు. అవ్వ గురించి చెప్పాను, కాలిక్యులేటర్‌తో సహా. నా ఇంగ్లీషు అక్కడక్కడా తడబడింది, "కొంగు" అనే మాటకు ఏమనాలో తెలియక చున్నీ చివర పట్టుకొని కెమెరాకు చూపించాను. వాళ్ళు ముందుకు వంగి విన్నారు. "ఇప్పుడు ఏం వేరేగా చేస్తావు?" అన్నారు. మందు చేతికిచ్చే ముందు ఇంట్లో ఇంకేం ఉన్నాయో అడుగుతాను, అడిగాక కూడా నమ్మను, చూపించమంటాను అన్నాను. దీన్ని అక్కడ బ్రౌన్ బ్యాగ్ రివ్యూ అంటారని వాళ్ళే చెప్పారు. పేషెంటు ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకొని తేవాలి, ఫార్మసిస్టు ఒక్కొక్కటీ చూస్తాడు. మా మామ కొంగు విప్పిస్తాడు, వాళ్ళు సంచి విప్పిస్తారు.

ఇంకో ప్రశ్న, మీ ప్రాంతాన్ని మార్చిన మందు ఏది అని. నేను బోదకాలు గోలీలు అన్నాను. మా వైపు ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి మింగిస్తారు కదా, ఆ డీఈసీ. మనోళ్ళు చేతిలో పట్టుకొని, మనిషి పోగానే గోడవతల పడేస్తారని కూడా చెప్పాను. ఆ మందు న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో, లెడర్లీ ల్యాబులో తయారైంది. అక్కడ పరిశోధన నడిపించింది మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన భీమవరంలో పుట్టిన మనిషి. వాళ్ళకు ఆ పేరు తెలియదు. ఐదు నిమిషాలు నేను చెప్పడం, వాళ్ళు రాసుకోవడం. ఆ సీటే వచ్చింది, ఇప్పుడు రెండో ఏడాది.

కొన్ని కాలేజీలు ఎంఎంఐ, అంటే మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ పెడతాయి, గది గదికీ తిప్పి ఒక్కో సమస్య ఇస్తారు. దొంగ ప్రిస్క్రిప్షన్ తెచ్చిన స్నేహితుడు, మందుకు డబ్బు లేని పేషెంటు, అలాంటివి. దానికీ బట్టీ పనికిరాదు. ముందు అవతలి మనిషిని రెండు ప్రశ్నలు అడగమనండి, తర్వాత తీర్పు చెప్పమనండి. చివర్లో "మమ్మల్ని ఏమైనా అడగాలా" అంటారు, రెండు పెట్టుకోమనండి, ఫీజు గురించి మాత్రం వద్దు.

ప్రాక్టీసు ఎలా అంటే, ముందు తెలుగులో మీ అమ్మగారికి చెప్పమనండి. ఆమె మధ్యలో లేచి పొయ్యి దగ్గరకు పోయిందంటే కథలో దమ్ము లేదు, మార్చుకోవాలి. ఇంగ్లీషు ఆ తర్వాత.

అసలు మన దగ్గర బీ ఫార్మసీ పిల్లలు కౌంటర్ మొహం చూడకుండానే పట్టా తీసుకుంటారు, నా బాధ అది. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ఫార్మసిస్టే మందు ఇవ్వాలి. జరిగేదేంటి? చాలా షాపుల్లో గోడకు వేలాడే సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్‌లో నిలబడేది పదో తరగతి పిల్లగాడు. సర్టిఫికెట్ కిరాయికి ఇచ్చినాయన హైదరాబాద్‌లో ఏదో కంపెనీలో ఉంటాడు. నా క్లాసులోనే ఇద్దరు అలా ఇచ్చారు, అడిగితే "అందరూ ఇస్తలేరా" అన్నారు. ఆ పిల్లగాడికి అవ్వ కొంగు విప్పించాలని ఎవరు చెప్పాలి?

మీ చెల్లెకు ఇంటర్వ్యూ పిలుపులు ఎక్కువగా సెప్టెంబర్ నుంచే మొదలవుతాయి. అంటే వానాకాలం చేతిలో ఉంది. నర్సంపేట హనుమకొండ నుంచి బస్సులో పోయి రాగలిగే దూరమే. మా మామతో మాట్లాడాను, జ్వరాల సీజన్‌లో కౌంటర్‌కు మనిషి కావాలంటున్నాడు. జీతం ఇయ్యడు, పొద్దుమాపు చాయ్ మాత్రం ఇస్తాడు. కాలిక్యులేటర్ ఆయన దగ్గరే ఉంది.