నాలుగో పేజీ ముందొచ్చింది

తిరుపతి,
భోగికి రెండు రోజుల ముందు.

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ కథ అందింది. ఫోన్లో చదివితే కళ్ళు లాగుతున్నాయని బజారుకు పోయి ప్రింట్ తీయించుకున్నాను. షాపు కుర్రాడు కాగితాలు కింద పడేసి, ఏరి, వరస చూడకుండా పిన్ను కొట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే నాలుగో పేజీ మొదట ఉంది. తిట్టుకుంటూనే చదవడం మొదలుపెట్టాను. పేజీ అయ్యేసరికి కుర్రాడి మీద కోపం పోయింది. నీ కథ నిజంగా మొదలయ్యేది అక్కడే.

ఆ పేజీలో నీ కథలోని పిల్ల ఇంగ్లండ్‌లోని సౌత్‌వెల్ చర్చిలో గ్లవ్ తీసి, స్తంభం తల మీద చెక్కిన రాతి ఆకును ముట్టుకుంటుంది. చల్లదనానికి వేలి కొస మొద్దుబారుతుంది. అయినా చెయ్యి తియ్యదు. ఆకు వెనకవైపు కూడా ఉలి తగిలిందా అని తడిమి చూస్తుంది. తగిలింది. ఎవరి కంటా పడని వైపు కూడా ఆ పనివాడు రాయి తొలిచి పెట్టాడు. ఆ నాలుగు వాక్యాల్లో చలి ఉంది, చర్చి ఉంది, ఏడు వందల ఏళ్ళ కిందటి మనిషి ఉన్నాడు. 'మంచు' అనే మాట ఒక్కసారి కూడా లేదు.

మిగతా పేజీల్లో ఆ మాట ముప్పై ఒక్కసారి ఉంది. పెన్సిల్‌తో లెక్కపెట్టాను, రిటైరైనవాడికి ఇంకేం పని. 'తెల్లదుప్పటి' రెండుసార్లు వచ్చింది, 'ముత్యాలు' మూడుసార్లు. అందుకే నిన్న రాత్రి ఫోన్ చేసి "ఈ డిసెంబర్‌లో మీ నాటింగ్‌హామ్‌లో మంచు ఎంత పడిందమ్మా" అని అడిగాను. "ఎక్కడ సార్, ఒకటే తుంపర" అన్నావు. ఆ తర్వాత నేను అడక్కుండానే ఇంకో మాట చెప్పావు. మధ్యాహ్నం నాలుగు కాకముందే చీకటి పడుతుందని, క్లాసు నుంచి బయటికొచ్చేసరికి రాత్రయిపోయి ఉంటుందని, మొదటి నెలలో ఆ చీకటికి బస్టాపులో నిలబడి ఏడ్చావని. ఇంత సొమ్ము చేతిలో పెట్టుకుని గ్రీటింగ్ కార్డు మీది మంచు అరువు తెచ్చుకున్నావేం?

ఇంకో చిక్కు మన భాషది. ఆకాశం నుంచి రాలిపడేదీ మంచే, తెల్లారి గడ్డి మీద మెరిసేదీ మంచే, ఘాట్ రోడ్డులో బస్సు లైట్లు వేసుకుని పాక్కుంటూ పోయేలా చేసేదీ మంచే. అన్నిటికీ ఒకటే మాట పెట్టుకుని, అవసరమైతే పొగమంచు అనో మంచుగడ్డ అనో తోక తగిలిస్తాం. నువ్వు వట్టి 'మంచు' అని రాస్తే పుత్తూరులో చదివే మనిషికి ఒకటి కనిపిస్తుంది, నీ మనసులో ఇంకొకటి ఉంటుంది. ఏ మంచో చెప్పు. లేకపోతే అది ఒంటికి ఏం చేసిందో చెప్పు, మాట దానంతటదే తేలుతుంది.

నేనేదో పుట్టుకతోనే ఇది తెలిసినవాణ్ణి అనుకోకు. ఇరవై రెండేళ్ళప్పుడు, హార్స్‌లీ కొండ దాటి చలి ఎరగని రోజుల్లో, హిమపాతంలో ప్రేయసి కోసం నడిచే యువకుడి కథ రాశాను. ఓవర్‌కోటు కూడా తొడిగాను వాడికి. ఒక వారపత్రిక వాళ్ళు కారణం కూడా రాయకుండా తిప్పి పంపారు. ఆ రాత్రి మా అమ్మ పితికిపప్పుకు కూర్చుని ఉంది. నీకు తెలుసుగా, రాత్రి నానబెట్టిన అనపగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు చిటుక్కున గిన్నెలో పడుతుంది. చలికాలం నీళ్ళు, వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. నా కథంతా చదివి వినిపించాను. చెయ్యి ఆపకుండా విని, "బాగుంది నాయనా, ఆ ఊర్లో వాళ్ళకు కాళ్ళు పగలవా?" అంది.

ఆమె మడమలు ధనుర్మాసం రాగానే నెర్రెలు విచ్చేవి. రాత్రిపూట ఆముదం రాసుకుని గుడ్డ చుట్టుకునేది. చదువురాని మనిషి నా కథను ఎగతాళి చేసిందని వారం రోజులు మాట్లాడలేదు నేను.

ఆ మాటకు జవాబు చాలా ఏళ్ళ తర్వాత ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీలో, ఒక బొమ్మల పుస్తకంలో దొరికింది. యూరప్‌లో 12, 13 శతాబ్దాల్లో చర్చిల గుమ్మాల మీద పన్నెండు నెలలూ చెక్కేవాళ్ళు. నెలకొక రాశి, దాని పక్కనే ఆ నెలలో మనిషి చేసే పని. ఫ్రాన్స్‌లో అమియాన్ కెథెడ్రల్ గుమ్మం మీద ఆ వరస ఇప్పటికీ ఉంది. డిసెంబర్ అంటే పందిని కోసి చలికాలానికి మాంసం సిద్ధం చేసుకోవడం. జనవరి అంటే రెండు ముఖాలతో భోజనానికి కూర్చున్న మనిషి, ఒక ముఖం పోయిన ఏడాదికి, ఒకటి వచ్చే ఏడాదికి. ఫిబ్రవరి అంటే నిప్పు ముందు కూర్చుని చలి కాచుకునే మనిషి. కొన్ని చర్చిల్లో వాడు ఒక కాలి చెప్పు విప్పి, పాదం మంటవైపు చాపి ఉంటాడు. నిజంగా మంచు కురిసే దేశాల వాళ్ళే చలికాలం చెక్కమంటే మంచు జోలికి పోలేదు, తడిసిన పాదం చెక్కారు. ఆ బొమ్మ చూస్తూ లైబ్రరీలో మా అమ్మ గుర్తొచ్చి కాసేపు పేజీ తిప్పలేకపోయాను.

మన వీధిలో తెల్లవారుజామున వినిపించేది కూడా ఇదే కదా. ధనుర్మాసం నెల రోజులూ కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై చదువుతారు. పన్నెండో పాశురం అర్థం తెలిసినవాళ్ళతో చెప్పించుకుని విను. గొల్లపిల్లలు చెలికత్తెను లేపడానికి ఆమె వాకిట్లో నిలబడి ఉంటారు. దూడను తలచుకుని గేదె దానంతటదే పాలు కార్చేస్తుంది, ఆ పాలకు ఇల్లంతా బురదవుతుంది. పైనుంచి నెత్తిన మంచు పడుతుంటే వీళ్ళు గుమ్మం పట్టుకుని నిలబడతారు. పైన మంచు, కింద పాలబురద, చేతిలో చల్లటి గడప కమ్మీ. చిన్నప్పటి నుంచీ మైకులో విని విని మనకు అది చెవికి ఆనడం మానేసింది.

ఇక ఆకులు కక్కే ముఖం సంగతి. నీ కథలో "ఆ ముఖం చావుపుట్టుకల చక్రానికి ప్రతీక అని ఆమెకు అర్థమైంది" అని రాశావు. 'ప్రతీక' నాలాంటి వ్యాసాలు రాసే ముసలాళ్ళ మాట. చలికి వణుకుతున్న ఇరవై మూడేళ్ళ పిల్ల తలెత్తి ఒక ముఖాన్ని చూస్తే ఆ మాట అనుకోదు. పైగా ఆ బొమ్మను 'గ్రీన్ మ్యాన్' అని అందరూ పిలవడం మొదలైంది 1939లో, లేడీ రాగ్లన్ అనే ఆవిడ ఒక జానపద పరిశోధన పత్రికలో వ్యాసం రాసిన తర్వాత. వసంతానికి సంబంధించిన పాత దేవుడన్న అర్థం అలా ప్రచారంలోకి వచ్చింది. చెక్కినవాళ్ళు ఏమనుకుని చెక్కారో రాసిపెట్టలేదు. పాపానికి, మట్టిలో కలిసిపోయే శరీరానికి గుర్తు అన్నవాళ్ళూ ఉన్నారు. నువ్వు పంపిన ఫొటోను మా మనవడికి చూపించాను. "తాతా, వాడు ఆకులు కక్కుతున్నాడా, వాడి నోట్లో కుక్కారా?" అన్నాడు. నీ కథలో ఉండాల్సిన ప్రశ్న అది. అడిగి వదిలెయ్యి.

మన గుళ్ళలో తోరణం నడినెత్తిన కీర్తిముఖం ఉంటుంది, గుడ్లు మిటకరించి, కింది దవడ లేకుండా. ఆకలన్న భూతాన్ని శివుడు నిన్ను నువ్వే తిను అంటే, ఒళ్ళంతా తినేసి ముఖం ఒక్కటే మిగిల్చిందని కథ. దాని నోటి పక్కల నుంచి కూడా తీగలు జారుతుంటాయి. తిరుపతి పిల్లకు సౌత్‌వెల్‌లో ముందు తట్టాల్సింది ఇది. అలాగని రెండూ ఒకటే అని రాసెయ్యకు. పోలిక కనబడగానే చుట్టరికం కలపడం పెళ్ళిళ్ళ పేరయ్యల పని. "ఇదేంటి ఇక్కడ" అని ఆమె ఒక్క క్షణం నిలబడిపోతే చాలు.

సౌత్‌వెల్ నుంచి నేర్చుకోవాల్సింది మరొకటుంది. 13వ శతాబ్దం చివర్లో చెక్కిన ఆ ఆకుల్లో ఓక్ వేరు, ఐవీ వేరు, మేపుల్ వేరు, హాప్ వేరు. చెట్లు తెలిసినవాళ్ళు దేనికది పేరు పెట్టి చూపిస్తారు. నువ్వేమో "రకరకాల ఆకులు" అని ఊరుకున్నావు.

అన్నిటికన్నా నాకు మనసుకు పట్టింది పెలికాన్ వాక్యం. "తన రొమ్ము చీల్చి రక్తంతో పిల్లలను బతికించే పెలికాన్ తల్లి త్యాగానికి ప్రతీక." మళ్ళీ ప్రతీకే. ఆ బొమ్మ యూరప్‌లో ఎన్నో చర్చిల్లో ఉంది. పాత జంతుకథల ప్రకారం పెలికాన్ కోపంలో పిల్లలను చంపుకుని, మూడో రోజు తన రక్తం చిలకరించి బతికిస్తుంది. అందుకని క్రీస్తుకు గుర్తుగా పెట్టుకున్నారు. చెక్కినవాళ్ళలో చాలామంది ఆ పక్షిని చూసి ఉండరు, ముక్కు చూస్తే గద్దలా వంకర తిరిగి ఉంటుంది.

నువ్వు చూడొచ్చు. ఆ పక్షి మన గూడబాతు. నాయుడుపేట దాటాక దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువుకు ఏటా చలికాలంలో వచ్చి గూళ్ళు కడుతుంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ చెరువు మన తిరుపతి జిల్లాలోకి వచ్చింది. నేను ఒక డిసెంబర్ చివర్లో వెళ్ళాను. నీళ్ళలో నిలబడ్డ కడప చెట్లు రెట్టలతో సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఒక తల్లి గూటి మీద వాలి నోరు తెరిచింది. పిల్ల తల లోపలికి పెట్టింది, తర్వాత మెడ కూడా పెట్టింది. గొంతుసంచిలో ఆ పిల్ల తల అటూ ఇటూ కొట్టుకోవడం బయటికి కనిపిస్తోంది. ఇరుక్కుపోయిందేమోనని నాకు టెన్షన్. తల్లి రెక్కలు సగం విప్పి, పడిపోకుండా కొమ్మను కాళ్ళతో గట్టిగా పట్టుకుని నిలబడింది. పిల్ల తల బయటికి తీసి, మళ్ళీ పెట్టింది. తల్లి ఈసారి మొహం తిప్పుకుంది. పిల్ల వెంటపడింది.

పాత కథలో రక్తం ఉంది, నీ కథలోనూ రక్తం ఉంది. నేను చూసినదాంట్లో చేపల కంపు ఉంది, తల్లి విసుగు ఉంది. కడుపు నింపుకోవడానికి బొమిక పగిలేలా దూరే పిల్ల ఉంది. చర్చిలో ఆ బొమ్మ ముందు నిలబడినప్పుడు నీ పిల్లకు ఈ నేలపట్టు గుర్తొస్తే, తన తల్లి గురించి ఆమె ఏం అనుకుంటుందో? రక్తం కథ దగ్గర ఆగిపోతే ఆ సంగతి నీకే తెలియదు.

అన్నట్టు, కథలో అమ్మను మొదటి పేజీలోనే చంపేశావు. మీ అమ్మ నిక్షేపంగా ఉంది తల్లీ. మొన్న గోవిందరాజస్వామి గుడి దగ్గర కనిపించి నీ గురించి అరగంట నిలబెట్టి మాట్లాడింది, కాళ్ళు లాగాయి నాకు. కొత్తగా రాసేవాళ్ళందరికీ చలికాలం రాగానే ఎవరో ఒకరిని చంపాలనిపిస్తుంది. బతికి ఉండి, వీడియో కాల్‌లో "స్వెటర్ వేసుకున్నావా" అని విసిగించే అమ్మను రాయడం కష్టం. ఆ కష్టం పడు.

"చూడనిది రాయకూడదా సార్" అని నువ్వు అడుగుతావని తెలుసు. రాయొచ్చు. ఇంగ్లండ్‌లోనే ఎక్సెటర్ కెథెడ్రల్‌లో 13వ శతాబ్దపు చెక్క ఏనుగు ఒకటుంది. తొండం, దంతాలు సరే, కాళ్ళు మాత్రం ఏనుగు కాళ్ళలా లేవు. ఏనుగులు పడి చెరుకు తోట పోగొట్టుకున్న పలమనేరు రైతు చూస్తే అంత బాధలోనూ నవ్వుతాడు. అయినా ఆ ఏనుగంటే నాకిష్టం, మనస్సు పెట్టి ఊహించాడని తెలుస్తుంది.

ఆ ఏనుగు ఉన్న చోటు ఇంకా ఇష్టం. అది ఒక సీటు అడుగున ఉంది. ఆ కాలంలో ప్రార్థనలు గంటల తరబడి నిలబడి చేయాలి, అర్ధరాత్రి లేచి కూడా. ముసలివాళ్ళ కాళ్ళు తట్టుకోలేవని మడత సీట్ల కింద చిన్న చెక్క దిమ్మ పెట్టారు. సీటు పైకి ఎత్తితే, నిలబడ్డట్టే కనిపిస్తూ దాని మీద ఆనుకోవచ్చు. దాని పేరు మిసెరికార్డ్, 'దయ' అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. పైన గోడల మీద సాధువులు, దేవదూతలు. ఈ దిమ్మల కింద మాత్రం బాతులకు ఉపదేశం చేసే నక్క, కొట్టుకునే మొగుడూ పెళ్ళాలు, ఇలాంటివన్నీ చెక్కుకున్నారు. నాటింగ్‌హామ్ నుంచి రైలెక్కితే లింకన్ వెళ్ళొచ్చు, అక్కడి కెథెడ్రల్‌లో 14వ శతాబ్దపు సీట్లు ఉన్నాయి. అక్కడి వాళ్ళను అడిగి ఒకటి ఎత్తించుకుని చూడు. ఫొటో తీసే ముందు పది నిమిషాలు ఊరికే చూడు. అంతసేపు నిలబడితే నీ కాళ్ళు ఏమంటాయో నోట్‌బుక్‌లో రాసుకో.

కథను ఆ కుర్రాడు కుట్టిన వరసలోనే మళ్ళీ రాయి. నాలుగో పేజీతో మొదలుపెట్టు. మొదటి మూడు పేజీల్లోంచి బస్టాపు చీకటికి సరిపోయేవి ఏమైనా ఉంటే ఉంచు, లేకపోతే పోనీ. సంక్రాంతి హడావిడి అయ్యాక పంపు. ఈసారి ప్రింట్ తీసేటప్పుడు పక్కనే నిలబడతాను.

మీ అమ్మ ఎండు అనపగింజలు పార్సెల్ కడుతోంది. పచ్చి గింజల వాసన దీనికి రాదని చెప్పాను, వినలేదు. అందులోనే చిన్న సీసాలో ఆముదం కూడా పెట్టించాను. మూత గట్టిగా బిగించమని రెండుసార్లు చెప్పాను కానీ, విప్పేటప్పుడు నువ్వూ చూసుకో.

ఇట్లు,
మీ మాస్టారు