సబ్‌మెరైన్ సామాను చేయబోయే మేనల్లుడికి

చిరంజీవి సుధాకర్‌కు మామయ్య ఆశీస్సులు.

నీ షెడ్డుకు సబ్‌మెరైన్ సామాను ఆర్డరు వచ్చిందని అక్క ఫోనులో చెప్పింది. అది ఏ పడవకు వెళ్తుందో వాళ్లు చెప్పరు, నువ్వూ అడగవద్దు. విశాఖలోనే తయారైన అణు సబ్‌మెరైన్లు అరిహంత్ 2016లో, అరిఘాత్ 2024లో నౌకాదళంలో చేరాయి కదా, చుట్టాలు రకరకాలుగా ఊహిస్తారు. నవ్వి ఊరుకో. స్టోర్సులో ముప్పై ఏళ్లు పనిచేసి నేను ఇంట్లో చెప్పిందీ అంతే.

లేత్ మీద నువ్వు తీసేది సగం సామానే. మిగతా సగం దాని కాగితం. ఆ లోహం ఏ పోతలో తయారైందో తెలిపే హీట్ నంబరు రాడ్డు ఒక కొసన కొట్టి ఉంటుంది. మీ కుర్రాళ్లు సరిగ్గా ఆ కొసనే ముందు కోసేస్తారు, మిగిలిన రాడ్డుకు ఊరూ పేరూ ఉండదు. అందుకే కోత మొదలుపెట్టకముందే నంబరు ప్రతి ముక్క మీదకూ ఎక్కించు. మోనెల్ అనే నికెల్-రాగి మిశ్రమ లోహాన్నీ, స్టెయిన్‌లెస్ స్టీలునూ నునుపు చేసి పక్కపక్కన పెడితే నాకే తేడా తెలియదు. ఒకసారి రెండు పెట్టెల స్టడ్లు (తల లేని బోల్టులు) సర్దుతూ కలిపేశాను. మర్నాడు కంటి అంచనాతో ఏరి సర్టిఫికెట్లకు జత చేయబోతుంటే మా పెద్దాయన చెయ్యి పట్టుకున్నారు. అన్నీ తుక్కులోకి పోయాయి. వారం రోజులు నాతో టీ తాగడానికి ఎవరూ రాలేదు.

ఇది చాదస్తం అనుకోకు. అమెరికా అణు సబ్‌మెరైన్ థ్రెషర్ 1963 ఏప్రిల్ 10న లోతు పరీక్షకు దిగి, 129 మందితో సహా పైకి రాలేదు. ఉప్పునీటి పైపు అతుకు వీడి ఉంటుందని విచారణలో తేల్చారు. ఆ ఏడాదే సబ్‌సేఫ్ పద్ధతి పెట్టారు. సముద్రాన్ని బయటే ఆపే ప్రతి భాగానికీ లోహం దగ్గర నుంచి బిగింపు దాకా రాతపూర్వక ఆధారం ఉండాలి. అంత కట్టుదిట్టం చేసినా, అమెరికాలోనే టకోమాలో సబ్‌మెరైన్లకు లోహం పోతపోసే ఒక ఫౌండ్రీలో లోహ పరీక్షలు చూసే అధికారి ఏళ్ల తరబడి ఫలితాలు దిద్దినట్టు 2021లో కోర్టులో ఒప్పుకున్నారు. బ్రిటన్‌లో క్షిపణులు మోసే సబ్‌మెరైన్ వాన్‌గార్డ్‌లో అయితే, విరిగిన బోల్టు తలలను జిగురుతో అతికించారని 2023లో పత్రికలు రాశాయి. బిగిస్తుంటే ఒక తల ఊడిందట! విరిగిందని రాయడానికి ఎంతసేపు పడుతుంది?

రబ్బరు రింగులు కూడా ఇవ్వాల్సి వస్తే మేకుకు తగిలించవద్దు, సాగిపోతాయి. మోటార్ల దగ్గరా పెట్టకు, అక్కడ పుట్టే ఓజోనుకు నైట్రైల్ రబ్బరు పగుళ్లు తీస్తుంది. తయారైన తేదీ సంచి మీదే ఉంటుంది కాబట్టి వాడేదాకా సంచి చింపవద్దు. మన ఉప్పుగాలికి తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు త్వరగా తడుస్తాయి, వాటి రంగు చూస్తూ ఉండు.

డ్రాయింగులు, గేజీలు పని అయిపోయిందని పారేయకు. అమెరికా ఓహియో తరగతి పడవలను 30 ఏళ్ల కోసం కట్టి, తర్వాత ఆయుష్షును 42 ఏళ్లకు పెంచారు. అన్నాళ్లకు విడిభాగం చేసిన కంపెనీయే ఉండకపోవచ్చు. పాతికేళ్ల తర్వాత నీ కొడుకుని అదే వాషరు అడగవచ్చు.

ధర తక్కువ చెప్పావని అక్క బాధపడుతోంది. నిజమే, పరీక్షల ఖర్చు కలపలేదు నువ్వు. మళ్లీ లెక్క వేసుకో. ఆదివారం వస్తాను, అప్పటిదాకా రాడ్డు కోయవద్దు.

మామయ్య